ఆ డ్రోన్ ఎవరిది? ఇద్దరు మాజీ అధికారులు, ఒక హైదరాబాద్ కంపెనీ: ఒక కేస్ స్టడీ

ఈ కేసు రెండేళ్ల కిందటిది. ఇందులో ఉన్న ఇద్దరి అనుమతీ తీసుకునే రాస్తున్నాను. పేర్లు, కంపెనీ వివరాలు తీసేశాను. నేను ఆర్మీ యంత్రాల మరమ్మతులు, మెయింటెనెన్స్ చూసే ఈఎంఈ కోర్‌లో ఇరవై రెండేళ్లు పనిచేసి లెఫ్టినెంట్ కల్నల్‌గా బయటికొచ్చాను. ఇప్పుడు సైనిక్‌పురిలో ఉంటూ, మాజీ అధికారులను ఉద్యోగంలో పెట్టుకునే కంపెనీలకు లీడర్‌షిప్ కోచింగ్ ఇస్తున్నాను.

హైదరాబాద్‌లో ఈ పనికి కొదవ లేదు. తిరుమలగిరిలో మా ఈఎంఈ కాలేజీ, గోల్కొండలో ఆర్టిలరీ (ఫిరంగి దళం) సెంటర్, దుండిగల్‌లో ఎయిర్‌ఫోర్స్ అకాడమీ, కంచన్‌బాగ్‌లో డీఆర్‌డీఓ ల్యాబులు ఉన్నాయి. మా ఇంటికి నడిచి వెళ్లేంత దూరంలో కాలేజ్ ఆఫ్ డిఫెన్స్ మేనేజ్‌మెంట్ ఉంది. ఇక్కడ పనిచేసినవాళ్లు చాలామంది రిటైరయ్యాక ఇక్కడే ఇల్లు కట్టుకుంటారు. వాళ్లను తీసుకునే రక్షణ రంగ కంపెనీలూ ఊరి చుట్టూ పెరిగాయి. త్రివిధ దళాల మధ్య పోటీ అంటే ఢిల్లీ వ్యవహారమనే చాలామంది అనుకుంటారు. అది ఆదిభట్ల వైపు ఒక కంపెనీ మీటింగ్ రూమ్‌లో ఎలా కూర్చుందో నేను కళ్లారా చూశాను.

గొడవ ఎక్కడ మొదలైంది

కంపెనీ చిన్న నిఘా డ్రోన్లు, వాటిని నడిపే గ్రౌండ్ స్టేషన్లు తయారు చేస్తుంది. ఎండీ నలభై లోపు వయసున్న తెలుగు ఇంజనీరు. ఆయన కింద ఇద్దరు సీనియర్లు. ఒకరు ఆర్మీ ఆర్టిలరీ నుంచి వచ్చిన కల్నల్ గారు. కస్టమర్‌కు ఏం కావాలో తెలుసుకోవడం, డెమోల తేదీలు ఖాయం చేయడం ఆయన పని. రెండోవారు ఎయిర్‌ఫోర్స్‌లో హెలికాప్టర్ పైలట్‌గా చేసిన గ్రూప్ కెప్టెన్ గారు. టెస్టింగ్, భద్రత ఆయన చేతిలో ఉన్నాయి. ఆయన సంతకం లేనిదే ఏ డ్రోనూ పైకి లేవదు.

ఎండీ నాకు ఫోన్ చేసి ఇలా అన్నాడు: "సార్, ఇద్దరూ బంగారం లాంటి మనుషులు. విడివిడిగా కూర్చుంటే గంటలో పని అయిపోతుంది. ఒక గదిలో కూర్చోబెడితే మాత్రం నాకు టెన్షన్ మొదలవుతుంది."

ఆ టెన్షన్‌కు కారణం వికారాబాద్ దగ్గర మైదానంలో జరగాల్సిన ఒక డెమో. వేరే రాష్ట్రం నుంచి కస్టమర్ బృందం వచ్చింది. పదకొండింటికి గాలి పెరిగింది. "యుద్ధంలో గాలి ఆగేదాకా ఆగుతామా? లేపండి" అన్నారు కల్నల్ గారు. గ్రూప్ కెప్టెన్ గారు సంతకం పెట్టలేదు. షామియానా కింద రెండు గంటలు ఎవరూ ఎవరితోనూ మాట్లాడలేదు. వచ్చినవాళ్లు భోజనం చేసి, మర్యాదగా నమస్కారం పెట్టి వెళ్లిపోయారు.

ఆ తర్వాత ఆఫీసు రెండుగా చీలింది. క్యాంటీన్‌లో బల్లలు కూడా వేరయ్యాయి. కొత్తగా చేరిన ఒక టెస్ట్ ఇంజనీరు అమ్మాయి నాతో చెప్పిన మాట ఇంకా గుర్తుంది: "మెయిల్‌లో 'టూ' ఎవరికి పెట్టాలి, 'సీసీ' ఎవరికి పెట్టాలి, ముందు ఎవరి పేరు రాయాలి... నాకు రోజంతా ఇదే ఆలోచన సార్." పైవాళ్ల పోటీ కిందవాళ్ల నెత్తిన పడితే ఎలా ఉంటుందో ఇంతకంటే బాగా ఎవరూ చెప్పలేరు.

ఇది ఇద్దరు మనుషుల మధ్య పొసగని వ్యవహారమే అయితే నాకు సులువయ్యేది. అది కాదు. ఇద్దరూ కోరుకొండ సైనిక్ స్కూల్‌లో చదివినవాళ్లే. కల్నల్ గారు రెండేళ్లు సీనియర్. సాయంత్రం టీ దగ్గర గ్రూప్ కెప్టెన్ గారు ఆయన్ని "అన్నా" అనే పిలుస్తారు. గ్రూప్ కెప్టెన్ గారి అమ్మాయి పెళ్లిలో కల్నల్ గారు దగ్గరుండి వడ్డన చూసుకున్నారు. అదే గ్రూప్ కెప్టెన్ గారు మీటింగ్ రూమ్ తలుపు దాటగానే "కల్నల్ గారు చెప్పినదానితో నేను ఏకీభవించను, మినిట్స్‌లో రాయండి" అంటారు. తలుపుకు ఇవతల అన్నదమ్ములు, అవతల రెండు సైన్యాలు.

నా తప్పు

మొదటి రోజు నేను నేరుగా కల్నల్ గారి గదిలోకి వెళ్లాను. ఏ యూనిట్, ఎక్కడెక్కడ పోస్టింగ్, ఎవరెవరు తెలుసు అంటూ గంటన్నర ఆర్మీ కబుర్లు నడిచాయి. ఆ గదికి అద్దాల గోడ. ఎదురుగా ఉన్న గ్రూప్ కెప్టెన్ గారికి అంతా కనిపిస్తూనే ఉంది. తర్వాత ఆయన నాకు ఇరవై నిమిషాలు ఇచ్చారు. అన్నీ ముక్తసరి జవాబులే.

దాంతో రెండు వారాలు పోయాయి. చివరికి వారాసిగూడలో వాళ్లింటికి వెళ్లి క్షమాపణ చెప్పాను. ఆయన సూటిగా అడిగారు: "మీరు ఆర్మీ కదా. నా మాటను ఆర్మీ చెవితో కాకుండా వినగలరా?" వినగలనని నేను చెప్పలేదు. ఆయన చెప్పింది రాసి, ఎవరికైనా చూపించే ముందు ఆయనకే చూపిస్తానన్నాను. దానికి ఒప్పుకున్నారు. ఇలాంటి కేసులు పట్టేవాళ్లకు నేను చెప్పేది ఒకటే: మీరు ఏ దళం నుంచి వచ్చారన్నది మొదటి నిమిషంలోనే అవతలివాళ్లు లెక్కేస్తారు. ఆ లెక్కను దాచకుండా ముందే బల్ల మీద పెట్టండి.

1999 మే నెల

వికారాబాద్‌లో గాలి గురించి అడుగుతుంటే ఇద్దరూ విడివిడిగా ఒకే చోటికి వెళ్లారు. అది కార్గిల్. నేను ఆ పేరు ఎత్తనే లేదు.

కల్నల్ గారు అప్పుడు ద్రాస్ సెక్టార్‌లో యువ కెప్టెన్. కొండ శిఖరాల మీద శత్రువు, కింద మనవాళ్లు. "రోజూ పైకి చూసేవాళ్లం. హెలికాప్టర్లు వస్తాయన్నారు. రాలేదు. రేడియోలో ఎవరినడిగినా పైనుంచి అనుమతి రావాలనేవాళ్లు. కళ్ల ముందు జవాన్లు పడిపోతున్నారు." ఆ ఒక్క వాక్యం దగ్గర ఆయన గొంతు మారింది.

గ్రూప్ కెప్టెన్ గారు అప్పటికి యువ హెలికాప్టర్ పైలట్. ఆయన 28వ తేదీ దగ్గర మొదలుపెట్టారు. ఆ రోజు తోలోలింగ్ దగ్గర మన ఎంఐ-17ను భుజం మీద నుంచి పేల్చే క్షిపణితో కూల్చేశారు. అందులో ఉన్న నలుగురూ అమరులయ్యారు. క్షిపణిని పక్కదారి పట్టించే ఫ్లేర్లు ఆ హెలికాప్టర్‌లో లేవు. ఆ తర్వాత సాయుధ ఎంఐ-17లను దాడుల నుంచి తప్పించారు. "సిద్ధంగా లేనిదాన్ని, ఎవరో తొందరపెట్టారని పైకి పంపితే ఏమవుతుందో నాకు ఆ రోజే తెలిసింది. వికారాబాద్‌లో నేను సంతకం పెట్టకపోవడం అహంకారం కాదు."

ఇద్దరూ అబద్ధం చెప్పడం లేదు. ఆ మే నెలలో జరిగిందీ అదే. ఆర్మీ హెలికాప్టర్ గన్‌షిప్‌లు అడిగింది. ఎంఐ-25, ఎంఐ-35లు అంత ఎత్తులో పనిచేయవని ఎయిర్‌ఫోర్స్ చెప్పింది. పైగా నియంత్రణ రేఖ పక్కన వాయుశక్తిని వాడాలంటే ప్రభుత్వం నిర్ణయించాల్సిందే అంది. మే 25న భద్రతా వ్యవహారాల కేబినెట్ కమిటీ ఒప్పుకుంది. 26న ఎయిర్‌ఫోర్స్ దాడులు, అంటే ఆపరేషన్ సఫేద్ సాగర్, మొదలయ్యాయి. 27న ఒక మిగ్-21, ఒక మిగ్-27 పోయాయి. 28న ఎంఐ-17. అప్పటి ఆర్మీ చీఫ్ వి.పి. మాలిక్, ఎయిర్ చీఫ్ ఎ.వై. టిప్నిస్ రిటైరయ్యాక ఆ రోజుల గురించి రాశారు. ఇద్దరి కథనాలూ ఒకదానితో ఒకటి కలవవు. పాతికేళ్లు దాటినా, అడగడంలో ఆలస్యమా, ఇవ్వడంలో ఆలస్యమా అన్నది తేలలేదు. కింద కొండ మీద ఉన్న కెప్టెన్‌కు, పైన ఎగిరే పైలట్‌కు మాత్రం చెరో జీవితకాలపు పాఠం మిగిలింది. ఆ పాఠాలు ఒకదానికొకటి ఎదురు నిలబడ్డాయి.

నా కోచింగ్‌లో ఎవరో ఒకరు తప్పకుండా 1971 యుద్ధం సంగతి తెస్తారు. అప్పటి ఆర్మీ చీఫ్ మానెక్‌షా లాంటి మనిషి ఉంటే ఇవన్నీ ఉండవంటారు. మానెక్‌షా మీద నాకు అపారమైన గౌరవం. కానీ 1971లో ఎయిర్ చీఫ్ పి.సి. లాల్, నేవీ చీఫ్ ఎస్.ఎం. నందా కూడా ఉన్నారు. ముగ్గురికీ కూర్చుని ప్లాన్ చేసుకోవడానికి నెలల సమయం దొరికింది. షిల్లాంగ్‌లో ఉన్న తూర్పు ఎయిర్ కమాండ్ కోల్‌కతా ఫోర్ట్ విలియంలో, ఆర్మీ కమాండర్ పక్కనే, ముందస్తు కార్యాలయం పెట్టుకుంది. పని చేయించినవి ఈ ఏర్పాట్లే. మనుషుల మంచితనాన్నే నమ్ముకుంటే ఏమవుతుందో అంతకు ఆరేళ్ల ముందే చూశాం.

1965 సెప్టెంబర్ 1న జమ్మూ ప్రాంతంలోని ఛంబ్‌లో పాకిస్తాన్ ట్యాంకులు దూసుకొస్తుంటే, సాయంత్రం ఆర్మీ చీఫ్ జె.ఎన్. చౌధురి, ఎయిర్ చీఫ్ అర్జన్ సింగ్ కలిసి రక్షణ మంత్రి వై.బి. చవాన్ దగ్గరికి వెళ్లి ఎయిర్‌ఫోర్స్ సాయం అడిగారు. అనుమతి అక్కడికక్కడే వచ్చింది. చీకటి పడేలోపు పఠాన్‌కోట్ నుంచి పాతకాలపు వాంపైర్ యుద్ధ విమానాలు లేచాయి. వాటిలో నాలుగు పోయాయి. ఆ ఇద్దరు చీఫ్‌ల మధ్య ఆ సాయంత్రం గొడవేమీ లేదు. లేనిదల్లా ముందుగా కలిసి వేసుకున్న ప్లాన్. ఈ చౌధురి గారే 1948 సెప్టెంబర్‌లో మన హైదరాబాద్ మీదికి సైన్యాన్ని నడిపించి, తర్వాత ఇక్కడ మిలిటరీ గవర్నర్‌గా ఉన్నారు. ఇక్కడి పాతతరం వాళ్లకు ఆయన ఆ రూపంలోనే గుర్తు.

బోర్డు మీద రెండు బొమ్మలు

మూడో సెషన్‌లో ఇద్దరికీ చెరో మార్కర్ ఇచ్చాను. "మాటలు వద్దు. కంపెనీ దగ్గర ఆరు డ్రోన్లున్నాయి. ముగ్గురు కస్టమర్లు ఒకేసారి అడిగారు. బొమ్మ గీయండి" అన్నాను.

కల్నల్ గారు మూడు పెద్ద పెట్టెలు గీశారు. ఒక్కో దాంట్లో రెండేసి డ్రోన్లు పెట్టి, ప్రతి పెట్టె మీదా ఒక మనిషి బొమ్మ వేశారు. గ్రూప్ కెప్టెన్ గారు మధ్యలో ఒకే వృత్తం గీసి, ఆరు డ్రోన్లూ అందులో పెట్టారు. బయటికి మూడు బాణాలు వేసి, వాటి పక్కన వేళలు రాశారు. అప్పుడు ఇద్దరూ వెనక్కి జరిగి, ఒకరి బొమ్మ మరొకరు చూశారు. కల్నల్ గారు నెమ్మదిగా అడిగారు: "నీ బొమ్మలో నా మనిషి ఏడిరా?"

"అన్నా, నీ బొమ్మలో ఒకరికే పని ఉండి మిగతా నాలుగు డ్రోన్లు ఖాళీగా కూర్చుంటే ఎవరడుగుతారు?"

మీటింగ్ రూమ్‌లో "అన్నా" వినబడటం అదే మొదటిసారి. ఇన్నేళ్లుగా మన సైన్యాల మధ్య సాగుతున్న వాదన అంతా ఆ తెల్లబోర్డు మీద ఉంది.

ఆర్మీలో కమాండర్‌కు నేర్పేది తనకిచ్చిన పనికి తగ్గ బలగం తన చేతిలో ఉంచుకోమని. మా భాషలో "అండర్ కమాండ్" అంటే నీది, "ఇన్ సపోర్ట్" అంటే ఇంకొకరిది, సాయానికి వచ్చింది. రాత్రి రెండింటికి గుండ్లు పడుతుంటే ఈ తేడా ప్రాణాంతకం. ఎయిర్‌ఫోర్స్‌లో నేర్పేది ఇంకోటి. విమానాలు తక్కువ. ఉదయం రాజస్థాన్‌లో ఉన్నది మధ్యాహ్నం కశ్మీర్‌లో కావాలి. పంచితే బలం పోతుంది. ఎయిర్‌ఫోర్స్‌కు మంజూరైన ఫైటర్ స్క్వాడ్రన్లు 42. ఇప్పుడున్నవి ముప్పైకి అటూ ఇటూ. థియేటర్ కమాండ్ల (ఒక్కో ప్రాంతంలో మూడు దళాలనూ ఒకే కమాండర్ కింద పెట్టే ఏర్పాటు) కింద విమానాలను విడగొట్టొద్దని ఎయిర్‌ఫోర్స్ పెద్దలు అడ్డుపడితే, అది కుర్చీల కోసం కొట్లాట అని కొట్టిపారేయలేం.

2021 జూలైలో అప్పటి సీడీఎస్ (మూడు దళాలకూ కలిపి ఉండే చీఫ్ ఆఫ్ డిఫెన్స్ స్టాఫ్) జనరల్ బిపిన్ రావత్ ఎయిర్‌ఫోర్స్‌ను ఆర్టిలరీ, ఇంజనీర్స్‌తో పోలుస్తూ సపోర్టింగ్ ఆర్మ్, అంటే సాయానికి ఉండే దళం, అన్నారు. అదే రోజు ఎయిర్ చీఫ్ భదౌరియా, అది సపోర్ట్ మాత్రమే కాదని బహిరంగంగా బదులిచ్చారు. ఆ మాట ఎయిర్‌ఫోర్స్‌లో ఎంత లోతుగా గుచ్చుకుందో నాకు గ్రూప్ కెప్టెన్ గారి ముఖంలో కనిపించింది. ఆర్టిలరీ మనిషైన కల్నల్ గారికి మాత్రం అందులో తప్పేమిటో అర్థం కాలేదు. "సపోర్ట్ అంటే చిన్నతనమా? నేను జీవితమంతా చేసింది అదే కదా" అన్నారు. ఆ మాటతో గదిలో వేడి సగం తగ్గింది.

ఒకే సామాను ఇద్దరూ విడివిడిగా కొనుక్కోవడం కూడా ఈ పోటీలో భాగమే. అపాచీ హెలికాప్టర్లే చూడండి: ఎయిర్‌ఫోర్స్ 22 తీసుకుంది, ఆర్మీ తనకంటూ వేరుగా 6 కొంది. ఒకే యంత్రానికి రెండు చోట్ల శిక్షణ, రెండు చోట్ల విడిభాగాలు, రెండు చోట్ల మెయింటెనెన్స్. మెయింటెనెన్స్ మనిషిగా నన్ను అన్నిటికంటే బాధపెట్టేది ఇదే.

రిపోర్టు ఎవరు రాస్తారు?

ఇంతవరకు జరిగింది మనసు విప్పి మాట్లాడుకోవడం. ఇల్లలకగానే పండగ కాదు. మరుసటి వారం ఇంకో డెమో తేదీ మీద మళ్లీ పాత పాటే. అప్పుడు నేను ఎండీని ఇద్దరి అప్రైజల్ పత్రాలు చూపించమన్నాను.

కల్నల్ గారి బోనస్ ఏడాదిలో ఎన్ని డెమోలు చేశారన్నదాని మీద ఉంది. గ్రూప్ కెప్టెన్ గారిది ఎన్ని డ్రోన్లు కూలలేదన్నదాని మీద. ఒకరికి ఎగరకపోతే నష్టం, ఇంకొకరికి ఎగిరితే నష్టం. ఆర్మీని, ఎయిర్‌ఫోర్స్‌ను ఆ కంపెనీలోకి తెచ్చింది ఆ ఇద్దరు కాదు. హెచ్‌ఆర్ ఫారం.

ఈ కేసులో నాకు తేలింది ఇదే, సైన్యం గురించి కూడా నేను గట్టిగా నమ్మేది ఇదే. దళాల మధ్య పోటీ నాయకులను పాడు చేసేది ద్వేషం వల్ల కాదు. పద్ధెనిమిదేళ్ల వయసులో ఖడక్‌వాస్లాలోని నేషనల్ డిఫెన్స్ అకాడమీలో మూడు దళాల పిల్లలూ ఒకే స్క్వాడ్రన్‌లో పడుకుంటారు, ఒకే శిక్షలు తింటారు. మూడేళ్ల తర్వాత విడిపోతారు. మధ్యలో వెల్లింగ్టన్ స్టాఫ్ కాలేజీలో కొందరు కలుస్తారు. నలభై దాటాక సైనిక్‌పురి కాలేజీలో 44 వారాల కోర్సుకు మళ్లీ కలుస్తారు. ఈ మధ్యలోని ఇరవై ఏళ్లూ వాళ్ల ఏసీఆర్ (పనితీరు మీద ఏటా రాసే రహస్య నివేదిక) రాసేది సొంత దళం. ప్రమోషన్ బోర్డు సొంత దళానిది. సొంత దళం కోసం గట్టిగా కొట్లాడినవాడు పైకొస్తాడు. అవతలి దళం చెప్పింది నిజమే అన్నవాడి గురించి "మంచివాడే గానీ..." అంటారు. ఆ "గానీ" దగ్గరే ఎంతోమంది ఆగిపోయారు. అలా పైకొచ్చినవాళ్లను ఒక టేబుల్ చుట్టూ కూర్చోబెట్టి దేశం మొత్తానికి ఆలోచించమంటే ఎలా కుదురుతుంది? నేను కూడా ఒకసారి ఉమ్మడి కార్యాలయంలో పనిచేశాను. అక్కడికి రావడమంటే తమ బ్యాచ్‌కంటే వెనకబడటమేనని చురుకైన అధికారులు భయపడేవాళ్లు.

అమెరికా ఈ ముడి ఎక్కడుందో రక్తం చిందాక తెలుసుకుంది. 1980 ఏప్రిల్‌లో ఇరాన్‌లోని బందీలను విడిపించడానికి నేవీ హెలికాప్టర్లు, వాటిని నడపడానికి ఎక్కువగా మెరైన్ పైలట్లు, ఎయిర్‌ఫోర్స్ రవాణా విమానాలు, ఆర్మీ కమాండోలతో బయల్దేరారు. ఎనిమిది హెలికాప్టర్లలో ఐదే పనికొచ్చే స్థితిలో మిగిలాయి. వెనక్కి తిరిగేటప్పుడు ఒక హెలికాప్టర్ విమానాన్ని ఢీకొని ఎనిమిది మంది చనిపోయారు. 1986లో గోల్డ్‌వాటర్-నికల్స్ చట్టం తెచ్చారు. జనరల్, అడ్మిరల్ హోదా కావాలంటే ఉమ్మడి పోస్టింగ్ చేసి ఉండాలని అందులో నిబంధన పెట్టారు. అంతే, ఎవరూ రానన్న పోస్టింగ్‌కు క్యూ కట్టారు.

మన దగ్గర కదలిక నెమ్మది. కార్గిల్ తర్వాత 2001లో మంత్రుల బృందం సీడీఎస్ పదవి పెట్టాలని చెప్పింది. అది 2020 జనవరి 1న వచ్చింది. 2001లోనే అండమాన్ నికోబార్ కమాండ్‌ను మూడు దళాలకూ కలిపి పెట్టారు. కానీ అక్కడి కమాండర్ ఇంకో దళం జవాను మీద తనంతట తాను క్రమశిక్షణ చర్య తీసుకోలేని పరిస్థితి ఏళ్ల తరబడి ఉండింది. సొంత దళానికి వెనక్కి పంపాల్సిందే. దీన్ని మార్చిన చట్టం 2023లో వచ్చి, 2024 మేలో అమల్లోకి వచ్చింది. వార్తల్లో పెద్దగా కనిపించలేదు గానీ, నా దృష్టిలో సీడీఎస్ నియామకమంత ముఖ్యమైనది ఇది.

చేసిన మార్పులు, వాటి ఫలితం

కంపెనీలో మూడు మార్పులు చేశాం. రెండు సులువుగా అయ్యాయి. ప్రతి డెమోకు ఒక కార్డు పెట్టాం. ఎంత గాలిలో ఎగరొచ్చు, ఎవరు ఆపొచ్చు, ఆపితే కస్టమర్‌కు బదులుగా ఏం చూపించాలి అన్నవి వారం ముందే రాసి ఇద్దరూ సంతకం పెట్టాలి. మైదానంలో వాదన లేదు, కార్డే మాట్లాడుతుంది. బోనస్‌లు కూడా విడివిడి లెక్కలు తీసేసి, "భద్రంగా పూర్తయిన డెమో" అన్న ఒకే లెక్క మీదికి తెచ్చాం.

మూడోది కష్టమైంది. ఒకరి అప్రైజల్‌లో సగం ఇంకొకరు రాయాలన్నాను. కల్నల్ గారు లేచి నిలబడ్డారు. "ముప్పై ఏళ్ల సర్వీసులో నా రిపోర్టు ఎయిర్‌ఫోర్స్ మనిషి రాయలేదు. ఇప్పుడు రాయాలా?" అన్నారు. నేను బదులు చెప్పలేదు. గ్రూప్ కెప్టెన్ గారే అన్నారు: "నాకూ అంతే భయంగా ఉంది అన్నా." మూడు రోజుల తర్వాత ఒక్క ఏడాదికని కల్నల్ గారు ఒప్పుకున్నారు.

నాలుగు నెలలకు అదే మైదానంలో మళ్లీ డెమో. నేనూ వెళ్లాను. కార్డు మీద గాలి పరిమితి సెకనుకు పది మీటర్లు. పదిన్నరకు చేతిలో పట్టుకునే గాలిమీటరు ఎనిమిది చూపిస్తోంది. పావుగంటలో అది పదకొండు చూపించింది. గ్రూప్ కెప్టెన్ గారు గ్రౌండ్ స్టేషన్ దగ్గర వెనక్కి తిరిగి ఉన్నారు, చూడలేదు. కల్నల్ గారు చూశారు. ఆయన రెండు నిమిషాలు ఆ మీటరు వైపే చూస్తూ నిలబడి, నేరుగా కస్టమర్ల దగ్గరికి నడిచారు. "గాలి మా పరిమితి దాటింది. ముందు రికార్డింగ్ చూద్దాం, తగ్గాక లేపుదాం" అన్నారు. మధ్యాహ్నం రెండింటికి గాలి తగ్గింది. డ్రోన్ ఎగిరింది.

అన్నీ సర్దుకోలేదు. కొనుగోళ్ల విషయంలో ఇద్దరికీ ఇప్పటికీ పడదు. పరస్పర అప్రైజల్ ఒక్క ఏడాదే నడిచింది. కొత్తగా వచ్చిన హెచ్‌ఆర్ హెడ్ దాన్ని తీసేశారు. ఆ నిర్ణయం తప్పని నేను రాతపూర్వకంగా చెప్పాను. ఆ టెస్ట్ ఇంజనీరు అమ్మాయి మాత్రం ఇప్పుడు మెయిల్ ఒకే గ్రూప్ ఐడీకి పంపుతోంది.

పోయిన నెల ఎండీ మళ్లీ పిలిచారు. ఓడల మీద వాడే డ్రోన్ కోసం నేవీ నుంచి ఒక కమాండర్ గారిని తీసుకున్నారు. విశాఖలో చాలాకాలం చేసిన మనిషి. మొదటి మీటింగ్‌లోనే, సముద్రం మీద నిఘా విమానాలు 1976 దాకా ఎయిర్‌ఫోర్స్ చేతిలో ఉండేవని, అవి నేవీకి వచ్చాకే తమ పని తమ చేతికొచ్చిందని గుర్తుచేశారట. తర్వాత మా కార్డు చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసి అడిగారట: "ఓడ మీద చివరి మాట కెప్టెన్‌ది. ఈ కార్డులో కెప్టెన్ ఎక్కడ సంతకం పెట్టాలి?"

కల్నల్ గారికీ, గ్రూప్ కెప్టెన్ గారికీ ఆ ప్రశ్నకు జవాబు తట్టలేదు. గురువారం ముగ్గురితో కూర్చుంటున్నాను. మార్కర్లు మూడు తీసుకెళ్తున్నాను.